రేఖలో పునర్జన్మించిన మూర్తి: రఫాయెల్ కాస్టిల్యోనేకు రెంబ్రాంట్ భాష్యం

కీలకపదాలు: మూర్తిచిత్రం, రేఖాచిత్రం, రఫాయెల్, రెంబ్రాంట్, తుల్యదేహి

1. ప్రవేశిక

ఒక మహాచిత్రకారుని మూర్తిచిత్రాన్ని మరొకరు రేఖల్లో తిరిగి గీస్తే దాన్ని నకలు అనాలా, కొత్త సృష్టి అనాలా? అనువాదాలకు, అనుసరణలకు విలువ కట్టేటప్పుడు తెలుగు విమర్శకు ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే. రఫాయెల్ సుమారు 1514-15లో చిత్రించిన బల్దస్సారె కాస్టిల్యోనే మూర్తిని రెంబ్రాంట్ 1639లో కలంతో గీసిన తీరు ఈ చర్చకు తగిన ఆధారం. మూలచిత్రం ప్యారిస్‌లోని లూవ్ర్‌లోను, రేఖాచిత్రం వియన్నాలోని అల్బెర్టీనాలోను ఉన్నాయి.

2. వర్ణం నుంచి రేఖకు

కాస్టిల్యోనే రాజాస్థానాల్లో మెలగిన దౌత్యవేత్త. ఆస్థానికుని లక్షణాలను చర్చించిన ఆయన గ్రంథం 1528లో వెలువడింది. శ్రమను పైకి కనబడనీయని సహజలాలిత్యమే అందులోని ఆదర్శం. రఫాయెల్ దాన్ని వర్ణనిగ్రహంతో సాధించాడు. నలుపు, బూడిద, తెలుపు వన్నెల నడుమ నీలికళ్లు ప్రేక్షకుని ప్రశాంతంగా చూస్తాయి.

ఈ చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలానికి వచ్చినప్పుడు రెంబ్రాంట్ దాన్ని చూశాడు. గోధుమవన్నె సిరాతో గీసిన అతని చిత్రంలో వస్త్రాల మెత్తదనం లేదు. వేగంగా సాగిన కొద్దిపాటి గీతలే ఉన్నాయి. టోపీ మూలంలోకంటే పక్కకు వాలింది. దానితో నిశ్చలమూర్తికి చలనం వచ్చింది. చూపులోని ప్రశాంతత కొంత తగ్గింది.

చిత్రం 3,500 గిల్డర్లకు, మొత్తం సేకరణ 59,456 గిల్డర్లకు అమ్ముడైనట్లు అతడు ఆ కాగితంపైనే రాసుకున్నాడు. కనుక ఇది కేవలం జ్ఞాపకార్థం గీసుకున్న చిత్తుప్రతి అనే వాదానికి అవకాశం ఉంది. అయితే అదే ఏడాది చెక్కిన స్వీయమూర్తి ముద్రణచిత్రంలోను, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న 1640 నాటి స్వీయమూర్తిలోను ఈ భంగిమ ప్రభావం కనిపిస్తుంది. వీటిలో టిషియన్ ప్రభావాన్నీ పరిశోధకులు గుర్తించారు. ఆస్థానికుడు నిలిచిన చోట లైడెన్ పిండిమర యజమాని కొడుకు తనను నిలుపుకొన్నాడు. చిత్తుప్రతిలో మొదలైన మార్పు యాదృచ్ఛికం కాదనడానికి ఇదే బలమైన ఆధారం.

3. తుల్యదేహి దృష్టి

కవుల మధ్య కనిపించే పోలికలను ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్యోతంలో ప్రతిబింబం, ఆలేఖ్యం, తుల్యదేహి అని మూడు విధాలుగా విభజించాడు. మొదటి రెండూ త్యాజ్యాలు. మూడవదానికి దేహం పోలినా ప్రాణం వేరు కాబట్టి అది గ్రాహ్యం. రెంబ్రాంట్ రేఖాచిత్రం ఈ మూడవ కోవకు చెందుతుంది. ఒక భేదం మాత్రం గమనించాలి. ఆనందవర్ధనుని చర్చలో మాధ్యమం ఒక్కటే, కావ్యం. ఇక్కడ మాధ్యమమే మారింది. రంగును వదులుకోవడం లోపం కాలేదు. వేరే ప్రాణానికి చోటు కల్పించింది.

4. ముగింపు

మూలానికి ఎంత దగ్గరగా ఉందన్న కొలత ఒక్కటే ఇటువంటి కృతులకు చాలదు. మాధ్యమం మారినప్పుడు పోయినదేమిటి, ఆ ఖాళీలో నిలిచినదేమిటి అన్న రెండు ప్రశ్నలనూ కలిపి అడగాలి. పోయినవాటి జాబితాతోనే ఆగిపోయే అనువాద విమర్శ తుల్యదేహిని కూడా ప్రతిబింబంగానే లెక్కగడుతుంది.