రాధాకృష్ణన్ మతతత్త్వ తులనము: అనుభవ ప్రామాణ్య విచారము

రెండు మతముల సిద్ధాంతములను సరిపోల్చువానికి మొట్టమొదట నెదురగు ప్రశ్న యే ప్రమాణముచే సరిపోల్చవలెననునది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి (1888-1975) విద్యాజీవితము నీ దృష్టితో పరిశీలించుట యీ వ్యాసోద్దేశము. వారు నిర్వహించిన రాజకీయ పదవులతో మాకిచ్చట ప్రసక్తి లేదు.

వారి పరిశోధన యొక ఆక్షేపమునకు సమాధానముగా నారంభమైనది. మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నున్నపుడు హిందూమతముపై మిషనరీలు చేయుచుండిన విమర్శలు వారిని కలతపెట్టినవి. జగత్తు మిథ్యయను వేదాంతమున నీతికి తావు లేదనునది వానిలో ముఖ్యమైనది. 1908లో ఎం. ఏ. పట్టమునకై వ్రాసిన వ్యాసమునకు వేదాంతనీతినే విషయముగా గైకొనిరి. పిదప మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలయందును, 1918 నుండి మైసూరునందును, 1921 నుండి కలకత్తాయందును తత్త్వశాస్త్రము బోధించిరి. 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచ్యమత నీతిశాస్త్రములకై యేర్పడిన స్పాల్డింగ్ పీఠము నధిష్ఠించిరి. 1939లో వెలువడిన 'ప్రాచ్యమతములు, పాశ్చాత్యచింతన' యను గ్రంథమున, భారతీయచింతన లోకమును జీవితమును నిరాకరించునన్న ఆల్బర్ట్ ష్వైట్జర్ వాదమునకు విపులముగా బదులు చెప్పిరి. అనగా ముప్పదియొక సంవత్సరములు గడచినను ప్రశ్న యించుమించుగా నదియే.

ఈ సమాధానమునకు వారు గ్రహించిన యాధారము అనుభవము. 1926 నాటి అప్టన్ ఉపన్యాసముల రూపమైన 'హిందూ జీవితదృష్టి' (1927)యందును, హిబ్బర్ట్ ఉపన్యాసముల రూపమైన 'భావవాద జీవితదృష్టి' (1932)యందును వారి ప్రతిపాదన మిది: మతము విశ్వాససూత్రముల పట్టిక గాదు, తత్త్వసాక్షాత్కారము, శ్రుతులు ఋషుల యనుభవమునకు అక్షరరూపములు, సిద్ధాంతములు ఆ యనుభవమునకు వ్యాఖ్యలు. దీనివలన గలిగిన మేలు స్వల్పము గాదు. ఉపనిషదృషులను, ప్లొటైనసును, క్రైస్తవ యోగులను ఏకవేదికపై విచారించుటకు వీలు కలిగినది. భారతీయ దర్శనములు పురాతత్త్వ విషయములుగా గాక జీవద్వాదములుగా పాశ్చాత్యుల చర్చలోనికి వచ్చినవి.

ఈ మతమునకు శంకరభాష్యమున ఆధారము లేకపోలేదు. బ్రహ్మసూత్రములలో రెండవ సూత్రమునకు వ్యాఖ్య వ్రాయుచు శంకరులు, ధర్మజిజ్ఞాసయందువలె గాక బ్రహ్మజిజ్ఞాసయందు శ్రుతితోపాటు అనుభవాదులును యథాసంభవముగా ప్రమాణములని యంగీకరించిరి. కాని మూడవ సూత్రభాష్యమున బ్రహ్మస్వరూపమును దెలిసికొనుటకు శాస్త్రమే ప్రమాణమని చెప్పిరి. బ్రహ్మజ్ఞానము అనుభవమునందు పర్యవసించుననుట వేరు. శ్రుతికి ప్రామాణ్యము నొసగునది అనుభవమేయనుట వేరు. మొదటిది శంకరులు చెప్పినది; రెండవది రాధాకృష్ణన్‌గారు చేర్చినది. ఈ భేదమును వారి గ్రంథములు తగినంతగా స్పష్టపరుపలేదని మా యభిప్రాయము.

దీని ఫలితము తులనమున బయటపడుచున్నది. 'హిందూ జీవితదృష్టి'లో వారు ఉపాసకులను తరగతులుగా విభజించి, నిర్గుణబ్రహ్మోపాసకులను అగ్రస్థానమునను, సగుణేశ్వరోపాసకులను రెండవస్థానమునను, అవతారోపాసకులను ఆ తరువాతను నిలిపిరి. సర్వమతములకును చోటు చూపిన యీ యౌదార్యమును మేము శంకింపము. కాని యీ తరగతుల నేర్పరచిన దృష్టి అద్వైతదృష్టి. అనంతకల్యాణగుణములుగల పురుషోత్తముడే పరబ్రహ్మమని సిద్ధాంతము చేసిన రామానుజులకు రెండవస్థానము సమ్మతము కానేరదు. వాదించుటకు వచ్చినవానికి పీఠము వేసి, తీర్పు ముందుగనే వ్రాసియుంచినట్లగును. హిందూమతమునకు లోపలనే యిట్టి చిక్కు గలిగినపుడు, క్రైస్తవ మహమ్మదీయ మతములయెడ నది మరింత యధికమగుట సహజము.

శ్రుతిప్రామాణ్య ప్రశ్నను తిరిగి ముందునకు దెచ్చినవారిలో తెలుగువారైన కొత్త సచ్చిదానందమూర్తిగా రొకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తత్త్వశాస్త్రాచార్యులైన వీరు 1959లో ప్రకటించిన 'అద్వైత వేదాంతమున శ్రుతి, యుక్తి' యను గ్రంథమున, శంకరాద్వైతము శ్రుతి నాశ్రయించి నిలిచినదనియు, కేవలయుక్తిచే బ్రహ్మము సిద్ధింపదనియు నిరూపించిరి. ఉపాధ్యక్షులుగా రాధాకృష్ణన్‌గారు నడపిన విశ్వవిద్యాలయముననే వారి దృష్టికి సవరణ వంటి యీ విచారము సాగుట గమనింపదగినది. ఆక్షేపకునకు బదులు చెప్పవలసిన తొందర రెండవవారికి లేదు. కనుకనే స్వసంప్రదాయమునందలి ప్రమాణవ్యవస్థను నిలకడగా పరీక్షింప గలిగిరి.

మా విద్యార్థులు తులనాత్మక వ్యాసములకై తెచ్చు ముసాయిదాలలో తరచుగా మేము చూచునది సామ్యముల పట్టిక. ఇది యచ్చటను గలదు, అది యిచ్చటను గలదు అని కూర్చుటతో వ్యాసము ముగియును. సామ్యమును జూపుటకు ముందు ఆయా మతములు దేనిని ప్రమాణముగా గైకొన్నవో, ఏ ప్రశ్నకు బదులుగా నా సిద్ధాంతము పుట్టినదో నిర్ణయింపవలెను. పిమ్మట తాము చేపట్టిన కొలమానము ఏ సంప్రదాయమునకు చెందినదో తామే చెప్పుకొనవలెను. రాధాకృష్ణన్‌గారి కాలమున అన్యులకు వినిపించుట ముఖ్యమైన పని. దానిని వారు సాధించిరి. అన్యులు చెప్పునది వారి ప్రమాణములతోనే వినుట మనకు మిగిలిన పని.