అడిగి తీసుకోవడం, ఒప్పుకుంటేనే తీసుకోవడం: ఆన్‌లైన్ దుకాణాల సమ్మతి ప్రకటనలపై ఒక భాషా విమర్శ

ఉపోద్ఘాతం

ఆన్‌లైన్ దుకాణం తెరవగానే తెర అడుగున కనిపించే నాలుగు వాక్యాల ప్రకటనను విమర్శకులు సాధారణంగా పాఠంగా పరిగణించరు. కొనుగోలుదారులలో చాలామంది దానిని చదవకుండానే మీట నొక్కి ముందుకు పోతారు. అయినా అది ఒక ఒప్పుకోలు పత్రం. ఎవరు అడుగుతున్నారు, ఎవరు ఒప్పుకుంటున్నారు, ఒప్పుకోకపోతే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు అందులోని వాక్యనిర్మాణమే సమాధానం చెప్పాలి. ఈ ప్రకటనల తెలుగులోని లోపాన్ని కేవలం అనువాద దోషంగా చూడటం చాలదనీ, అడగడానికీ తీసుకోవడానికీ మధ్య ఉండవలసిన వ్యాకరణ సంబంధమే వాటిలో తెగిపోయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాక్యం సరిగా ఉన్నా, దాని వెనుక పనిచేసే ట్యాగు ఆ వాక్యానికి కట్టుబడకపోతే సమ్మతికి అర్థం లేదన్నది రెండవ ప్రతిపాదన.

కుకీ, ట్యాగు: రెండు వేరు పనులు

కుకీ పుట్టింది దుకాణం కోసమే. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లి, కొనుగోలుదారు బుట్టలో ఏమేమి ఉన్నాయో బ్రౌజరులోనే గుర్తుంచుకునే ఉపాయంగా దీనిని రూపొందించాడు. బుట్టను గుర్తుంచుకునే కుకీ కొనేవాని పనికి వస్తుంది. ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఏ పేజీ చూశారు, ఎంతసేపు ఆగారు అని లెక్కించే ట్యాగు అమ్మేవాని పనికి వస్తుంది. ట్యాగు అంటే పేజీలో అమర్చిన కొన్ని పంక్తుల సంకేతం. అది పేజీతో పాటే మేలుకొని, చూసినవాటి వివరాలను లెక్కల సేవకు పంపుతుంది. గూగుల్ అనలిటిక్స్ సందర్శకుని గుర్తించేందుకు పెట్టే ప్రధాన కుకీ, ఎవరూ మార్చకపోతే, రెండేళ్ళు ఉంటుంది.

సమ్మతి ప్రకటనలు చాలావరకు ఈ రెండింటినీ ‘మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి’ అనే ఒకే పదబంధంలో కలిపేస్తాయి. ఎవరి పని ఎవరి పేరుమీద జరుగుతున్నదో తెలియకుండా చేయడంతోనే ఈ పాఠంలోని మొదటి అస్పష్టత మొదలవుతుంది.

మీటమీది మాట ఎవరిది?

ఆంగ్లంలో ‘యాక్సెప్ట్’ అన్న మీటకు కర్త లేదు. అది దుకాణం చేసే సూచన కావచ్చు, సందర్శకుడు చేసే పనికి పేరూ కావచ్చు. తెలుగు క్రియ ఆ మరుగును ఇవ్వదు. ‘అంగీకరించండి’ అన్నప్పుడు అది స్పష్టంగా దుకాణం నోటిమాట, మధ్యమ పురుషలోని విధ్యర్థకం. అప్పుడు సందర్శకుడు నొక్కుతున్నది తన మాటను కాదు, తనకు ఇచ్చిన ఆజ్ఞను. మర్యాద కోసం చేర్చిన ‘అండి’ ఆజ్ఞను మృదువు చేస్తుందే తప్ప మాట్లాడేవారిని మార్చదు. ‘అంగీకరిస్తున్నాను’ అంటే కర్త మారుతుంది, సమ్మతి సందర్శకునిది అవుతుంది.

ఇంతకంటే జటిలమైనది ‘ఈ సైటును వాడటం కొనసాగిస్తే మీరు అంగీకరించినట్లే’ అనే వాక్యం. ఇందులో సందర్శకుడు ఏమీ అనలేదు. అతని పక్షాన దుకాణమే అనేసింది. ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న నానుడి మనకు ఉన్నమాట నిజమే. అయితే ఆ నానుడి కూడా మౌనానికి సగం విలువే ఇచ్చింది. చట్టం ఆ సగాన్నీ ఇవ్వదు. 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో ఐరోపా న్యాయస్థానం ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదని తేల్చింది. మన దేశంలో 2020 ఈ-కామర్స్ నియమాలు కొనుగోలుకు సంబంధించిన సమ్మతిని ముందే టిక్కు పెట్టిన గడులతో నమోదు చేయరాదన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కుకీ అన్న పేరు ఎత్తకపోయినా, వ్యక్తిగత డేటాకు ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావులేని చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలంటుంది.

నాలుగు అసమాపక క్రియలు

సమ్మతి వ్యవహారం మొత్తాన్ని తెలుగు అసమాపక క్రియలతో పరీక్షించవచ్చు.

‘అడుగుతూ నమోదు చేస్తాం’ అన్నది శత్రర్థకం. ప్రకటన తెరమీదికి వస్తున్న క్షణంలోనే ట్యాగు పనిచేస్తే జరిగేది ఇదే. సందర్శకుడు వద్దనేలోపే మొదటి పేజీ వివరాలు వెళ్ళిపోతాయి.

‘అడిగి నమోదు చేస్తాం’ అన్నది క్త్వార్థకం. ఇది న్యాయంగా వినిపిస్తుంది కానీ చాలదు. క్త్వార్థకంలో పూర్వక్రియకూ ఉత్తరక్రియకూ కర్త ఒక్కడే. అడిగింది దుకాణం, నమోదు చేసింది దుకాణం. మధ్యలో రావలసిన జవాబుకు ఈ వాక్యంలో చోటే లేదు. ప్రకటన చూపించాం కాబట్టి బాధ్యత తీరిందనుకునే దుకాణాల తర్కం సరిగ్గా ఈ నిర్మాణంలోనే ఉంది.

‘మీరు ఒప్పుకుంటే మేము నమోదు చేస్తాం’ అన్నది చేదర్థకం. ఇక్కడ కర్తలు ఇద్దరు. మొదటి కర్త క్రియ జరగకపోతే రెండవ కర్త క్రియ జరగదు. చట్టం కోరే వాక్యం ఇదే.

‘ఒప్పుకోకపోయినా నమోదు చేస్తాం’ అన్నది అప్యర్థకం. వద్దు అన్న మీట కనిపిస్తుంది, నొక్కడానికీ వీలవుతుంది, ట్యాగు మాత్రం దానిని వినదు. ఈ నాలుగింటిలో ఇదే ఎక్కువ మోసకరమైనది. మొదటిదానిలో అడగడం ఆలస్యమైంది. ఇక్కడ అడగడమే నటన.

ఈ విభజన సాంకేతిక అమరికకు నేరుగా అన్వయిస్తుంది. గూగుల్ కన్సెంట్ మోడ్ పద్ధతిలో దుకాణం మొదట ‘నిరాకృతం’ అన్న డిఫాల్టు స్థితిని ప్రకటించాలి. ఆ పంక్తి పేజీలో ట్యాగుకంటే పైన ఉండాలి. సందర్శకుడు ఒప్పుకున్న తరువాతే స్థితిని ‘అనుమతం’గా మార్చాలి. ఆ జవాబును గుర్తుంచుకొని తరువాతి పేజీలలోనూ పాటించాలి. డిఫాల్టు పంక్తి ట్యాగు కిందికి జారితే చేదర్థకం శత్రర్థకంగా మారిపోతుంది. ఇదే పద్ధతిలో రెండు రకాలున్నాయి. బేసిక్ రకంలో సమ్మతి వచ్చేదాకా ట్యాగు తెరుచుకోదు. అడ్వాన్స్‌డ్ రకంలో నిరాకరించినా ట్యాగు తెరుచుకొని, కుకీ పెట్టకుండా కొన్ని సంకేతాలను పంపుతుంది. కుకీ లేదు కనుక నష్టం తక్కువన్నది దాని సమర్థన. వ్యాకరణ దృష్టితో చూస్తే అది మెత్తబడిన అప్యర్థకం. దానిని ఎంచుకున్న దుకాణం ఆ సంగతిని ప్రకటనలో చెప్పకపోతే ‘వద్దు’ అన్న మాటకు పూర్తి అర్థం ఇవ్వనట్లే.

ఏ దుకాణం ఏ వాక్యం పలుకుతున్నదో తెలుసుకోవడం కష్టం కాదు. బ్రౌజరులోని డెవలపర్ పరికరాలలో నెట్‌వర్క్ పట్టికను తెరిచి, మీట నొక్కకముందు ఒకసారి, వద్దన్న తరువాత ఒకసారి, లెక్కల సేవకు ఏమైనా వెళ్తున్నదేమో చూస్తే చాలు.

పశ్చిమ ప్రకాశం నుంచి చూస్తే

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఒప్పుకోలుకు పాత సంప్రదాయం ఒకటుంది. దస్తావేజుపై వేలిముద్ర వేసేవారికి అందులోని విషయం చదివి వినిపించాలి. విని ఒప్పుకున్నారన్న మాట పత్రంలోకే ఎక్కాలి. చదువురాకపోవడం సమ్మతికి అడ్డు కాలేదు కానీ, తెలియకపోవడం అడ్డయింది. 2011 జనగణనలో ప్రకాశం జిల్లా అక్షరాస్యత సుమారు 63 శాతం. నేడు అదే వేలు ఫోను తెరను తాకుతున్నది. దస్తావేజు లేఖరి చేసిన పనిని ఇక్కడ ఎవరూ చేయడం లేదు. ఆంగ్లంలోనో, ఆంగ్లపు నీడ వదలని తెలుగులోనో ఉన్న ప్రకటన ముందు చదువుకున్నవారు సైతం వినిపించుకోని వేలిముద్రదారులే.

అందుకే 2023 చట్టంలోని ఒక నిబంధన భాషావేత్తలకు ముఖ్యమైనది. సమ్మతి కోరే పాఠం తేటగా, సులభంగా ఉండాలనీ, దానిని ఆంగ్లంలో గాని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే అవకాశం ఇవ్వాలనీ అది అంటుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఉంది. ఈ గడువులో తయారయ్యే తెలుగు పాఠాలే తరువాత అలవాటుగా స్థిరపడతాయి.

చిన్న వ్యాపారి ఇబ్బందిని తోసిపుచ్చలేము. మార్కాపురం పలకరాయిని ఆన్‌లైన్‌లో అమ్మదలచినవారికి ఏ ఊరివారు ఏ రంగు రాయిని చూస్తున్నారో తెలియడం అవసరమే. కానీ వచ్చిన ఆర్డర్ల చిట్టా వారివద్ద ఎలాగూ ఉంటుంది. దానికి ఈ ట్యాగు అక్కరలేదు. ఆ రాయిని ఐరోపా కొనుగోలుదారులకు అమ్మజూపితే అక్కడి డేటా చట్టం కూడా వర్తించవచ్చు కనుక, సమ్మతిని పాటించడం వ్యాపారానికీ మేలు.

ఒక నమూనా పాఠం

పై చర్చ ఆధారంగా ఒక పాఠాన్ని ప్రతిపాదించవచ్చు: ‘ఈ దుకాణంలో మీరు ఏ పేజీలు చూశారో లెక్కపెట్టుకోవడానికి మీ ఫోనులో ఒక గుర్తు ఉంచాలనుకుంటున్నాం. మీరు సరేనంటేనే ఉంచుతాం. వద్దన్నా సరుకు కొనుక్కోవచ్చు. ఇప్పుడు సరేనని తరువాత వద్దనవచ్చు.’ దీనికింద ఒకే పరిమాణంలో, ఒకే రంగులో రెండు మీటలు: ‘సరే, ఉంచండి’, ‘వద్దు’.

ఇక్కడ ‘ఉంచండి’ కూడా విధ్యర్థకమే. అయితే ఆజ్ఞ దిశ మారింది. సందర్శకుడు చెబుతున్నాడు, దుకాణం వింటున్నది. ‘తిరస్కరించు’ అన్న బరువైన మాటలో ఎవరినో కాదన్న మొహమాటం ఉంది. ‘వద్దు’ అన్నది అంగట్లో రోజూ అనే మాట. అప్యర్థకమైన ‘వద్దన్నా’ ఈ పాఠంలోనూ ఉంది, కానీ అది సందర్శకుని హక్కును కాపాడుతున్నది. చివరి వాక్యానికి చట్టబద్ధమైన ఆధారం ఉంది. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకోగలగాలని 2023 చట్టమే చెబుతున్నది. పలకమీద రాసినవారే తుడుచుకోగలగడం వంటిదే ఇది.

ముగింపు

సమ్మతి ప్రకటనలను అనువాదకులకూ, ట్యాగులను సాంకేతిక నిపుణులకూ విడివిడిగా అప్పగించడం వల్ల వాక్యం ఒకటి చెబుతుంటే యంత్రం మరొకటి చేస్తున్నది. ‘సరేనంటేనే’ అన్న పదంలోని అవధారణార్థకమైన ఏకారం పాఠంలో ఒక్క అక్షరం. పేజీ సంకేతంలో అది ట్యాగుకు పైన నిలవవలసిన ఒక పంక్తి. ఈ రెండూ ఒకే మాటను పలుకుతున్నాయో లేదో పరిశీలించడం తెలుగు భాషా పరిశోధన తన పరిధిలోకి తెచ్చుకోవలసిన పని. పాఠాలు స్థిరపడకముందే దానిని చేపట్టడం అవసరం.