చెరిపే కుంచె

1984లో ఆపిల్ మాకింటాష్‌తో పాటు వచ్చిన మాక్‌పెయింట్ అనే బొమ్మలు వేసే ప్రోగ్రామ్‌లో బిల్ ఆట్కిన్సన్ ఒక ఇరేజర్ పెట్టాడు. దాని గుర్తు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే తెర మీద కనిపించే బొమ్మంతా తుడిచిపెట్టుకుపోయేది. అప్పటి తెరకు తెలిసినవి నలుపు, తెలుపే. చెరపడమంటే నల్లచుక్క తెల్లచుక్క కావడమే. 1994లో ఫొటోషాప్‌కు లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శక పొరలు, వచ్చాక సంగతి మారింది. లేయర్ మీద ఇరేజర్ తెల్లరంగు పూయదు. ఉన్న రంగును పలచన చేసుకుంటూ పోతుంది, కిందిది పైకి కనిపిస్తుంది.

పలచన చేసేది ఏ ఆకారంలో ఉండాలన్నది చిత్రకారుడి ఇష్టం. క్రిటా అనే చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డు మీద ‘E’ అక్షరం నొక్కితే చేతిలో ఉన్న బ్రషే ఇరేజర్ అయిపోతుంది. ప్రోక్రియేట్ యాప్‌లో ఇరేజర్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. జుట్టు వేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ముందు ఒక గరుకు బ్రష్‌తో తలంతా ముదురు రంగును ఒకే ముద్దగా పులిమేస్తారు. తర్వాత అదే బ్రష్‌తో అంచుల నుంచి లోపలికి చెరుపుతూ వస్తారు. స్టైలస్‌ను నొక్కిపెట్టిన చోట సందు పడుతుంది, తేల్చిన చోట పొగలాంటి అంచు మిగులుతుంది. ఒక్కో వెంట్రుకా విడిగా గీసిన జుట్టుకు ఈ నిండుదనం రాదు. నున్నటి గుండ్రటి ఇరేజర్ వాడితే మాత్రం విగ్గు పెట్టినట్టే ఉంటుంది!

గీతల బొమ్మలకు క్లిప్ స్టూడియో పెయింట్‌లో మరో సదుపాయం ఉంది. గీతలను గీతలుగానే గుర్తుంచుకునే వెక్టర్ లేయర్ మీద గీత హద్దు దాటితే, దాటిన ముక్కను ఇరేజర్‌తో తాకగానే రెండు గీతలు కలిసే చోటి దాకా అదే పోతుంది. అందుకే అనుభవజ్ఞులు గీతను భయం లేకుండా పొడుగ్గా లాగి, తర్వాత కత్తిరిస్తారు.

చెరిపినా ఆనవాలు మిగిలే సందర్భాలూ ఉన్నాయి. దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ బొగ్గుతో గీసి, చెరిపి, మళ్లీ గీసి, దశదశకూ కెమెరాలో పట్టి సినిమాలు తీశాడు. కాగితం మీద మిగిలిన మరకే వాటికి అందం. కంప్యూటర్లో మరక మిగలదనుకుంటాం కానీ, మిగులుతుంది. మెత్తటి ఇరేజర్‌తో తేలిగ్గా రుద్దితే కంటికి ఆనని రంగు అక్కడే ఉండిపోయి, కింద ముదురు నేపథ్యం వేశాక బయటపడుతుంది. అడుగున ఒక ముదురు లేయర్ పెట్టి చూసుకుంటే ముందే దొరికిపోతుంది.

చెరిపింది మళ్లీ కావాల్సి వస్తే? ‘మొదటిదే బాగుంది’ అనే క్లయింట్లకు కొదవ లేదు కదా. చాలా సాఫ్ట్‌వేర్లలో ఫైలు మూసేస్తే అన్‌డూ పనిచేయదు. అందుకని వృత్తిలో ఉన్నవాళ్లు పెద్ద మార్పులకు చెరపకుండా లేయర్‌కు తగిలించే మాస్క్ వాడతారు. మాస్క్ మీద నలుపు వేస్తే రంగు దాక్కుంటుంది, తెలుపు వేస్తే తిరిగొస్తుంది, బూడిదరంగు వేస్తే సగం కనిపిస్తుంది.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు రకరకాల బ్రష్‌లు డౌన్‌లోడ్ చేసుకునే ముందు, ఒక్క బ్రష్‌తోనే వేసి, దానితోనే చెరిపి ఒక తలకట్టు పూర్తి చేసి చూడండి. క్రిటా ఉచితంగానే దొరుకుతుంది.