ఇన్‌స్టలేషన్ పద్ధతులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

కంపైలర్, మేక్, గిట్ వంటి కమాండ్ లైన్ డెవలపర్ టూల్స్‌ను ఇన్‌స్టాల్ చేసే పద్ధతులను సాధారణంగా 'ఎంత సులభం' అనే ఒక్క కొలమానంతోనే పోలుస్తారు. ఇది సరిపోదు. మొబైల్ డేటాతో, పరిమితమైన డిస్క్ స్థలంతో ఇంటి వద్ద చదువుకునే విద్యార్థికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. మీ అనుమతి అడిగే ముందు కంప్యూటర్ మీకు ఏం చెబుతోంది?

మాక్‌ఓఎస్: టెర్మినల్‌లో ఎక్స్‌కోడ్-సెలెక్ట్ ఆదేశాన్ని ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో ఇస్తే ఒక చిన్న విండో తెరుచుకుంటుంది. లైసెన్సుకు అంగీకరిస్తే క్లాంగ్, మేక్, గిట్ ఒకేసారి వస్తాయి. కొత్తవారికి ఇంతకంటే సులభమైన మార్గం లేదు. కానీ ఎంత డేటా ఖర్చవుతుందో ఆ విండో ముందుగా చెప్పదు. డౌన్‌లోడ్ మొదలయ్యాక మిగిలిన సమయాన్ని మాత్రం చూపుతుంది.

ఉబుంటు: ఆప్ట్ ద్వారా బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీని కోరితే, దానితో పాటు వచ్చే ప్యాకేజీల జాబితా, డౌన్‌లోడ్ పరిమాణం, ఆక్రమించే డిస్క్ స్థలం తెరపై కనిపిస్తాయి. ఆ తరువాతే 'కొనసాగించాలా?' అని అడుగుతుంది. ఇంగ్లిషులో వరుసగా వచ్చే ఆ పంక్తులు మొదట బెదిరించవచ్చు. అయినా వద్దనే అవకాశం మీ చేతిలోనే ఉంటుంది. చాలా సూచనల్లో ఆదేశం చివర 'వై' ఆప్షన్ చేర్చి ఉంటుంది. దానిని యథాతథంగా కాపీ చేస్తే ఈ ప్రశ్నే రాదు. పద్ధతిలోని మేలును సూచన పోగొడుతుందన్నమాట.

విండోస్: అడ్మినిస్ట్రేటర్‌గా టెర్మినల్ తెరిచి డబ్ల్యూఎస్ఎల్ ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. అప్పుడు విండోస్‌లోనే ఉబుంటు నడుస్తుంది. కంపైలర్ కోసం అందులో మళ్లీ ఆప్ట్ వాడాలి. తక్కువ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌కు ఇది భారమే. గిట్ ఒక్కటే అవసరమైతే వింగెట్‌తో నేరుగా తెచ్చుకోవచ్చు. అవసరం అడగకుండానే అందరికీ డబ్ల్యూఎస్ఎల్‌ను సూచించడం సరికాదు.

సౌలభ్యంలో మాక్‌ఓఎస్ ముందుంది. కానీ వినియోగదారుని నిర్ణయాన్ని గౌరవించడంలో ఉబుంటు పద్ధతి మేలైనది. తెలిసి ఇచ్చినదే అనుమతి అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీరు ఇటీవల అనుసరించిన ఒక ఇన్‌స్టలేషన్ సూచనను తీసుకోండి. డేటా, డిస్క్ స్థలం, తొలగించే విధానం – వీటిలో అది ముందుగా తెలిపినవేవి, తెలపనివేవి? ఐదు వాక్యాల్లో రాయండి.