ఆరు సాయంత్రాల రథం

ఆషాఢ బహుళ అమావాస్య రోజున జగదల్‌పూర్‌లో దంతేశ్వరి గుడి ముందు ఒక సాల దుంగను తెచ్చి పెడతారు. బిలోరి ఊరి నుంచి వచ్చే ఆ దుంగను ఠుర్లు ఖోట్లా అంటారు. పక్కనే రథం చెక్కే పనిముట్లు పేరుస్తారు. దుంగకూ పనిముట్లకూ కలిపే పూజ. మోంగ్రీ చేప, కోడిగుడ్డు, పేలాలు నైవేద్యం. ఛత్తీస్‌గఢ్ అంతటా ఆ రోజు హరేలీ పండగ, రైతులు నాగళ్లూ పారలూ కడిగి మొక్కే రోజు. బస్తర్‌లో మాత్రం ఆ పూజతోనే దసరా మొదలైపోతుంది. ఆశ్వయుజ శుక్ల పక్షం చివరిదాకా సాగుతుంది కాబట్టి 75 రోజుల పండగ అని పేరు పడింది.

ఇన్ని రోజులు దేనికని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే: వడ్రంగానికి. ఈ పండగలో తంతులు చాలా ఉన్నాయి, దేవతలు చాలామంది ఉన్నారు. కానీ అన్నిటినీ పట్టి నిలిపేది ఏటా కొత్తగా, పచ్చి కలప నుంచి, చేత్తో చెక్కే ఒక రథం. ఆ పనితనాన్ని ఇంకా మనం తగినంతగా చూడలేదని నా నమ్మకం.

బస్తర్ దసరాలో రావణుడు లేడు, దహనం లేదు. ఇది దంతేశ్వరి పండగ. తెలుగువాళ్లకు ఈ తల్లితో చుట్టరికం ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఇక్కడ రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజుల కథ. దంతేవాడలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం ఆ వంశాన్ని కాకతి ప్రతాపరుద్రుడి దాకా తీసుకెళుతుంది. రథం మాత్రం ఓరుగల్లు నుంచి రాలేదు, పూరీ నుంచి వచ్చింది. పురుషోత్తమదేవుడనే రాజు జగన్నాథుణ్ణి దర్శించుకోవడానికి వెళ్లి, అక్కడ రథపతి బిరుదుతో పాటు పదహారు చక్రాల రథం తిప్పుకునే హక్కూ పొంది వచ్చాడని చెబుతారు. అందులో నాలుగు చక్రాలు జగన్నాథుడికి ఇచ్చారు. అదే ఆషాఢంలో వచ్చే గోంచా పండగ రథం. మిగిలిన పన్నెండు దంతేశ్వరికి. పన్నెండు చక్రాల బండిని ఊరి వీధుల్లో తిప్పడం తలకు మించిన పని కావడంతో, తర్వాతి కాలంలో దాన్ని నాలుగు చక్రాల పూల రథంగా, ఎనిమిది చక్రాల విజయ రథంగా విడదీశారు. ఈ విభజన నాకు ఎంతో నచ్చుతుంది. బిరుదు ఎంత గొప్పదైనా, మలుపులో తిరగని బండి బండి కాదని ఒప్పుకున్నారు.

భాద్రపద శుక్ల పక్షంలో డేరీ గడాయీ జరుగుతుంది. బిరింగ్‌పాల్ నుంచి తెచ్చిన సాల కొమ్మలను సిర్హాసార్ భవనంలో పాతడం. అది అయితే గానీ రథం పని ఎత్తుకోరు. అప్పటికి పూల రథం కదలాల్సిన విదియకు ఇరవై రోజులకు అటూ ఇటూగా మిగులుతాయి. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే రెండు ఊళ్ల నుంచి వడ్రంగులూ కమ్మరులూ వచ్చి సిర్హాసార్‌లో దిగుతారు. అక్కడే వంట, అక్కడే పడక, ఎదురుగానే పని. రథం చెక్కే హక్కు ఆ రెండు ఊళ్లదే. తాత చెక్కాడు, తండ్రి చెక్కాడు, ఇప్పుడు కొడుకు బాడిశ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పని నేర్పేది కూడా ఆ ఆవరణే.

ఆ ఆవరణలో కలప రాశి చూస్తే ముందు వచ్చే సందేహం, ఇది ఎలా లొంగుతుందని. సాల చెట్టును మన ఉత్తరాంధ్రలో గుగ్గిలం చెట్టు అంటాం. పచ్చి సాల దుంగ నీళ్లలో వేస్తే తేలదు, మునుగుతుంది. అంత బరువు. ఆరితే రాయిలా బిగుసుకుంటుంది, ఉలికి ఎదురు తిరుగుతుంది. అందుకే పచ్చిగా ఉండగానే చెక్కెయ్యాలి. కానీ పచ్చి కలపకు ఇంకో గుణం ఉంది: ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, పగులుతుంది. ఇవాళ బిగువుగా కూర్చున్న అతుకు పది రోజుల్లో వదులు కావచ్చు. ఏ కొయ్య ఎటు లాగుతుందో, ఎక్కడ నెర్రె ఇస్తుందో ముందే ఊహించి అతుకు వెయ్యాలి. ఈ లెక్క కాగితం మీద లేదు, ఆ చేతుల్లో ఉంది.

ఇరుసుకు మాత్రం సాల వాడరు, టిన్సా వాడతారు. మధ్య భారతంలో బండి ఇరుసులకు టిన్సా పెట్టింది పేరు. సాల బరువు మోసే కొయ్య. టిన్సా నార బలంగా ఉన్న కొయ్య, కాస్త వంగి మళ్లీ నిలుస్తుంది. నిలబడే భాగాలకు సాల, తిరిగే చోట టిన్సా అని నిర్ణయించిన ఆ మొదటి వడ్రంగి ఎవరో గానీ, ఈ రథానికి సగం ఆయుష్షు ఆయనే పోశాడు.

చక్రం దగ్గర కాసేపు ఆగాలి. మన ఎడ్లబండి చక్రానికి కుండ ఉంటుంది, ఆకులుంటాయి, పూటీలుంటాయి, చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. బస్తర్ రథ చక్రం అలాంటిది కాదు. ఆకులు లేని నిండు చక్రం. మందపాటి సాల చెక్కలను ఒకదాని పక్కన ఒకటి చేర్చి, బిగించి, గుండ్రంగా చెక్కుతారు. గుండ్రం తేవడానికి ముందు గొడ్డలి, తర్వాత బాడిశ. గొడ్డలి పెద్ద పెద్ద తునకలు లేపుతుంది. బాడిశ పని వేరు. మనిషి చెక్క మీద ఒక కాలు ఆనించి, వంగి, బాడిశను తన వైపుకే దింపుతాడు. ఒక్కో దెబ్బకు లేచే పెచ్చు సన్నం. దెబ్బ పక్కన దెబ్బ పడుతూ పోతుంటే చెక్క మీద చిన్న చిన్న గుంటల వరస ఏర్పడుతుంది. ఆ గుంటలను ఎవరూ నున్నగా తోమెయ్యరు. రథం సిద్ధమై గుడ్డలూ పూలూ కప్పాక కూడా చక్రం మీద ఆ వరసలు కనిపిస్తూనే ఉంటాయి. ఎవరి చెయ్యి వాటంగా పడిందో, ఎవరిది ఇంకా కుదురుకోలేదో ఆ గుంటల ఎడం చూసి చెప్పొచ్చు.

గుండ్రం కుదిరాక నార్ ఫోడ్నీ వస్తుంది. చక్రం నడుమ ఇరుసుకు కన్నం తొలిచే ముందు చేసే పూజ అది. పూజ ఈ ఘట్టానికే ఎందుకు పెట్టారన్నది పని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చక్రం చెక్కడంలో మిగతా తప్పులన్నీ సర్దుకోవచ్చు, అంచు ఎక్కువైతే మళ్లీ చెక్కొచ్చు. నడిమి కన్నం ఒక్కటే సర్దుకోలేని పని. వేలెడు పక్కకు జరిగితే చక్రం ప్రతి చుట్టులోనూ ఎగిరిపడుతుంది, ఇరుసు మీద దెబ్బ పడుతుంది. వదులైతే చక్రం ఊగుతుంది, బిగువైతే రాపిడికి వేడెక్కుతుంది. ఎనిమిది చక్రాల రథంలో ఈ కన్నం ఎనిమిది సార్లు కుదరాలి, ఎనిమిదీ ఒకే ఎత్తున కూర్చోవాలి. లేకపోతే బరువంతా నాలుగింటి మీదే పడి మిగతా నాలుగూ గాలిలో తిరుగుతాయి. భయం ఉన్న చోట భక్తి పెట్టిన ఆ ఏర్పాటులో గొప్ప వృత్తి జ్ఞానం ఉంది.

మేకులు, బందులు, పట్టీలు కమ్మరులవి. వాళ్లను గురించి రాసేవాళ్లు తక్కువ. ముడుచుకునే గుణమున్న పచ్చి కలపను వీధుల్లో కుదుపులకు విడిపోకుండా పట్టి ఉంచేది చివరికి వాళ్ల ఇనుమే.

ఇక పగ్గం. దాని పని వేరే ఊళ్లది: కరంజి, సోనాబాల్, కేసర్‌పాల్. సియాడీ తీగ బెరడుతో పేనుతారు. సియాడీ అంటే మనకు తెలియనిదేమీ కాదు, మన మన్యంలో విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగే. ఆకు మనం అన్నానికి వాడుకున్నాం, బెరడు వాళ్లు రథానికి వాడుకున్నారు. బెరడు ఒలిచి, నార తీసి, పేటలుగా పురి వేసి, ఆ పేటలను మళ్లీ కలిపి పేనితే చేతికి నిండుగా పట్టే మోకు తయారవుతుంది. దారం సన్నగా ఉన్నప్పుడు పురి వెయ్యడం ఒక మనిషి పని. మోకు లావయ్యేకొద్దీ మనుషులు పెరుగుతారు. ఒక కొసన పట్టి తిప్పేవాళ్లు, మధ్యలో ఎత్తి పట్టేవాళ్లు, పురి సమంగా పడుతోందా లేదా అని తడిమి చూసే పెద్దాయన. పురి ఒకచోట వదులైతే లాగినప్పుడు బలమంతా అక్కడే పడి తెగుతుంది. వందల మంది ఒక్క ఊపున లాగే మోకు తెగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

భాద్రపద అమావాస్య, తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ పేర్చే రోజు, ఇక్కడ కాఛిన్ గాదీ. ముళ్ల ఉయ్యాల మీద పడుకున్న చిన్నపిల్లను దేవత ఆవహించి పండగకు అనుమతి ఇస్తుంది. మర్నాడు ఆమాబాల్ ఊరి హల్బా యువకుడు జోగిగా సిర్హాసార్‌లో తవ్విన గుంటలో తొమ్మిది రోజుల దీక్షకు కూర్చుంటాడు. విదియ సాయంత్రం రథం కదులుతుంది.

అక్కడి నుంచి సప్తమి దాకా ఆరు సాయంత్రాలు జగదల్‌పూర్‌కు వేరే ధ్యాస ఉండదు. ఒకప్పుడు రాజు పూల తలపాగా చుట్టుకుని ఎక్కేవాడు, అందుకే పూల రథం. ఇప్పుడు రాజు ఎక్కడు. దంతేశ్వరి ఛత్రం పట్టుకుని పూజారి ఎక్కుతాడు. కచోరాపాటి, అగర్‌వారా పరగణాల జనం పగ్గం పడతారు. గోల్ బజార్ మీదుగా చుట్టి మళ్లీ గుడి ముందుకు. పల్లెల నుంచి దేవుళ్లు డోలీల మీద, ఆంగాలనే కొయ్య చట్రాల మీద, నెమలి ఈకలతో, గంటలతో వస్తారు. వాళ్ల వెంట ఊళ్లకు ఊళ్లు. అంగళ్లలో కొండగావ్ డోక్రా బొమ్మలు, వెదురు సామాన్లు, పూసల దండలు. ఒక్క వారంలో ఇంత వినోదం పోగుపడే తిరనాళ్లు చాలా చోట్ల ఉన్నాయి. రంగుల రాట్నాలూ మిఠాయిలూ ఎక్కడైనా దొరుకుతాయి. రథం వచ్చినప్పుడు మాత్రం చూపు చక్రాల దగ్గరికి దింపాలి.

ఈ రథానికి పక్కకు తిరిగే ఏర్పాటు లేదు. ఇరుసులు బిగించినవి. తిన్నగా పోవడమే దానికి తెలిసిన విద్య. మలుపు రాగానే లాగేవాళ్లు పగ్గాన్ని అడ్డంగా పట్టి, ఒక్క అరుపుతో ముందు భాగాన్ని పక్కకు ఈడుస్తారు. చక్రాలు దొర్లవు, నేలను గీసుకుంటూ జరుగుతాయి. కొయ్య మూలుగుతుంది, అతుకులన్నీ ఒక్కసారి సాగి మళ్లీ సర్దుకుంటాయి. సిర్హాసార్ ముందు పడిన ప్రతి బాడిశ దెబ్బకూ, తొలిచిన ప్రతి కన్నానికీ పరీక్ష ఆ క్షణమే. ఇనుప యంత్రంలా అంగుళం కదలకుండా బిగించి ఉంటే ఆ మలుపులో ఎక్కడో ఒకచోట విరగాల్సిందే. కాస్త సాగే సందు వదిలారు కాబట్టే నిలబడుతుంది. నా దృష్టిలో ఈ రథంలో అన్నిటికన్నా గొప్ప పనితనం ఆ వదిలిన సందు.

అష్టమి అర్ధరాత్రి నిశా జాత్రా, నవమి రాత్రి దంతేవాడ నుంచి వచ్చే మావలీ తల్లికి ఎదుర్కోలు. విజయదశమికి ఎనిమిది చక్రాల, రెండంతస్తుల విజయ రథం బయటికి వస్తుంది. దీన్ని లాగేది కిలేపాల్ మాడియా గిరిజనులు. ఊరంతా తిప్పాక ఆ రాత్రే వాళ్లు రథాన్ని ఎత్తుకుపోతారు. ఇది తంతులో భాగమైన దొంగతనం. కుమ్హడాకోట్ అడవిలో దాచేస్తారు. మర్నాడు రాజవంశం వాళ్లు అక్కడికి వెళ్లి, మాడియాలతో కలిసి కొత్త బియ్యంతో వండిన అన్నం తిని, బతిమాలి రథాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. మొదటిది భీతర్ రైనీ, రెండోది బాహర్ రైనీ. చెక్కినవాళ్లు, పేనినవాళ్లు, లాగేవాళ్లు లేకపోతే రథపతి బిరుదుకు విలువెంతో ఏటా ఒకసారి అందరి ఎదుటా తేలిపోతుంది.

నాలుగు చక్రాలదీ ఎనిమిది చక్రాలదీ ఒకే ఏడు చెక్కరు. ఒక ఏడు ఒకటి, మరుసటి ఏడు ఇంకొకటి. కాబట్టి ఏ రథమైనా రెండు దసరాలు చూస్తుంది. ఇనుముతో చేసి రంగు వేస్తే యాభై ఏళ్లు ఉంటుంది కదా, ఇంత కలప ఎందుకని అడిగేవాళ్లున్నారు. అడవి తరిగిపోతున్న రోజుల్లో ఆ ప్రశ్న న్యాయమైనదే, నరికిన చెట్లకు బదులు సాల మొక్కలు నాటే పని ఈ మధ్య మొదలుపెట్టడం మంచిదే. కానీ ఇనుప రథం వస్తే ఉమర్‌గావ్ ఊళ్లలో బాడిశ పట్టే చేతులు ఒక తరంలో ఆగిపోతాయి. కరంజిలో మోకు పేనడం ఆగిపోతుంది. సాల చెట్టు పెరగడానికి పట్టే కాలం కన్నా ఆ విద్య మళ్లీ పుట్టడానికి పట్టే కాలం ఎక్కువ. చెట్లు నాటుతూ రథం చెక్కుతూ ఉండటమే సరైన దారి అంటాను.

చివర్లో సిర్హాసార్‌లోనే మురియా దర్బార్. 1876లో మురియా గిరిజనుల తిరుగుబాటు తర్వాత మొదలైన ఈ కొలువులో పెద్దలైన మాంఝీలు, చాల్కీలు తమ ఊళ్ల గోడు రాజుకు చెప్పుకునేవారు, ఇప్పుడు ముఖ్యమంత్రికీ అధికారులకూ చెబుతారు. రోడ్లు, నీళ్లు, బడులతో పాటు రథం చెక్కేవాళ్ల కూలీ, కలప, వాళ్ల పిల్లల చదువు కూడా ఆ కొలువులో మొదటి వరసలో ఉండాలని నా కోరిక.

చూడాలనుకునే తెలుగువాళ్లకు ఒక మాట. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరందుల్ వెళ్లే రైలు జగదల్‌పూర్‌లో ఆగుతుంది. అందరూ విజయదశమికి వెళతారు. వీలైతే భాద్రపద బహుళ పక్షంలోనే వెళ్లండి. అప్పుడు జనం ఉండరు, సిర్హాసార్ ముందు చక్రాలు ఇంకా నేల మీదే ఉంటాయి, కన్నం పడి ఉండదు. పనిచేసేవాళ్లను పలకరించి, అడ్డు రాకుండా ఒక పక్కన కూర్చుని ఒక పూట చూడండి. ఆ తర్వాత వీలు చూసుకుని విదియకు మళ్లీ వెళ్లండి.