వానపాము చచ్చినంత మాత్రాన

ఆకుల సారంతో, గింజల పొడితో పశువుల నట్టలు చస్తాయా అని పరీక్షించిన పరిశోధన పత్రాలు మన దేశంలో కుప్పలుగా వస్తున్నాయి. చాలావాటిలో మొదటి పేజీలో మనం ఉంటాం. ఫలానా మొక్కను స్థానిక గిరిజనులు నట్టలకు వాడతారని ఒక్క వాక్యం. ఏ గిరిజనులు? కోయలా, కొండరెడ్లా? ఏ కాలంలో కోసిన ఆకు, ఏ పశువుకు, ఎంత? అది ఉండదు. రెండో పేజీకి మనం పోయి మెథనాల్ వస్తుంది. మనవాళ్లు నీళ్లలో కాచినదాన్ని వాళ్లు మెథనాల్‌లో తీస్తారు. రెండింట్లో దిగే పదార్థాలు ఒకటి కావు.

తరవాత వానపాములు. సారం పోసిన గిన్నెలో వానపామును వేసి, ఎన్ని నిమిషాలకు కదలిక ఆగింది, ఎన్ని నిమిషాలకు చచ్చింది అని పట్టిక వేస్తారు. మనిషి పేగులోని ఏలికపామును అది పోలి ఉంటుందని చెప్పే కారణం. పోలిక పైకి కనిపించేదే. వానపాము మట్టిలో బతికే అనెలిడా, చర్మంతో ఊపిరి తీసుకుంటుంది. ఏలికపాము నిమటోడా, గట్టి పొర కప్పుకుని పేగు రసాల్లో బతకగలది. ఉప్పు చల్లినా వానపాము చస్తుంది, ఉప్పు నట్టల మందు అయిపోతుందా?

లెక్క కూడా చూడండి. గిన్నెలో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల సారం అంటే చిన్నమాటగా వినిపిస్తుంది. మేక పెద్దపొట్టలో 10 లీటర్లే ఉన్నాయనుకున్నా, అంత చిక్కగా ఉండాలంటే అర కిలో సారం కావాలి. ఆకు కాదు, సారం. అది తాగిన మేక ఏమవుతుందో పత్రం చెప్పదు.

పైగా నట్టలన్నీ ఒకటి కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలూ వరి మళ్లూ అయింది. నిలవనీటి నత్తల్లో పెరిగి, గడ్డిని పట్టుకుని గేదె కడుపులోకి పోయి కార్జంలో చేరే జలగలకు అది మంచి చోటు. (నత్తకూ నట్టకూ తెలుగులో ఒక్క అక్షరమే తేడా, పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది.) ఎగువన మన మేకలను పీల్చేది వేరు, నాలుగో పొట్టలో ఉండే హీమాంకస్. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వెయ్యి ఉంటే 50 మిల్లీలీటర్లు. మేకలు కాసేవాళ్లు కనురెప్ప విప్పి ఎరుపు చూసేది ఇందుకే. అలాంటి చూపునే దక్షిణాఫ్రికాలో రంగుల కార్డుగా చేసి ఫమాచా అని పేరు పెట్టారు. ధవళేశ్వరం కింద గేదెకు కుదిరిన మందు మారేడుమిల్లి మేకకు కుదరాలని లేదు.

సరిగా చేసినవీ ఉన్నాయి. పాకిస్తాన్ పరిశోధకులు 2006లో ప్రచురించిన పత్రంలో మన మోదుగ గింజల పొడిని నట్టలున్న గొర్రెలకే ఇచ్చి, పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టారు. కిలో బరువుకు 3 గ్రాములు, అంటే 20 కిలోల గొర్రెకు 60 గ్రాములు. పదో రోజుకు గుడ్లు సుమారు 78 శాతం తగ్గాయి. పోల్చడానికి ఇచ్చిన లెవమిసోల్ 99 శాతం తగ్గించింది. మోదుగ ఓడింది, నిజమే. కానీ ఒకే మందు పదే పదే పోస్తే నట్టలు దానికి లొంగకుండా పోతాయి, కాబట్టి ఆ 78ని తీసిపారేయలేం. మన వ్యాసాల్లో అడవి మందుకు తిరుగు లేదని రాసేవాళ్లు కూడా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని రాయాలి.

చైనాలో తూ యూయూ మలేరియాకు మాచిపత్రి జాతి మొక్కను పరీక్షిస్తున్నప్పుడు సారం నిలకడగా పనిచేయలేదు. నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది, కాచమని లేదు. వేడి తగ్గించి ఆమె మళ్లీ సారం తీశారు, పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. మొక్క పేరు ఒక్కటే రాసి ఉంటే ఆ ఆలోచన తట్టేది కాదు.

2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరికో జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. అందులో మోదుగ ఎదుట నట్టలకు అని ఒక్క మాట రాసి వదిలేస్తే, ఆ పత్రాల మొదటి పేజీనే మనమూ రాసినట్టు. ఏ నెలలో ఏరిన గింజ, పొట్టు తీశారా, ఎంత బరువు మేకకు ఎన్ని గింజలు, చూడిమేకకు ఇస్తారా మానేస్తారా అన్నవి కూడా చెప్పినవాళ్ల పేరుతో అక్కడ ఉండాలి.