డబ్బిచ్చి చదివించుకునే ముందు

కర్ణాటక సరిహద్దులోని మా శ్రీనివాసపురం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. ఇక్కడ ఎవరైనా పిల్లల కోసం తెలుగులో కథ రాస్తే, ఆ పుస్తకాన్ని మా పిల్లల్లో చాలామంది సొంతంగా చదువుకోలేరు. అమ్మో అవ్వో పక్కన కూర్చుని చదివి వినిపించాలి. రాతప్రతి ఎవరికి చూపించాలి, ఎంత ఇవ్వాలి అని నన్ను అడిగేవాళ్లకు అందుకే ముందుగా ఒక మాట చెబుతాను. మీ కథ చదివే మనిషికి, చదివి వినిపిస్తే ఎలా ఉంటుందో తెలిసుండాలి. కంటితో మాత్రమే చదివే మనిషి మన పిల్లల పుస్తకానికి సగం పనికే వస్తాడు.

ఫీజు తీసుకుని రాతప్రతి చదివి, లోటుపాట్లు రాసిచ్చే పద్ధతి ఇంగ్లీషు దేశాల్లో ఎప్పుడో కుదురుకుంది. లాస్ ఏంజెలెస్‌లో 1971లో పుట్టిన పిల్లల రచయితల, చిత్రకారుల సంఘం తన సభల్లో ఫీజు కట్టిన వాళ్ల రాతప్రతులను ఎడిటర్ల చేత చదివిస్తుంది. లండన్‌లో 1996 నుంచి ఇదే పనిగా పెట్టుకున్న సంస్థ ఉంది. ఇప్పుడు మన నగరాల్లోనూ మాటల లెక్కనో పేజీల లెక్కనో చదివిపెట్టేవాళ్లు దొరుకుతున్నారు. అందులో తప్పేమీ లేదు. శ్రద్ధగా చదవడం కష్టమైన పని, దానికి కూలి ఇవ్వాల్సిందే. మనకు అలవాటైంది మాత్రం వేరు. పెద్దాయన దగ్గరికి వెళ్తాం, ఆయన ముందుమాట రాస్తారు. అప్పటికే పుస్తకం ప్రెస్సులో ఉంటుంది. ఆ ముందుమాటలో మెచ్చుకోలు ఉంటుంది గానీ మూడో పేజీ ఎందుకు కుంటుతోందో ఉండదు.

తెలుగులో పిల్లల కథలను అంత పట్టుగా చదివి సరిచేసిన మనిషి అంటే నాకు కొడవటిగంటి కుటుంబరావుగారే గుర్తొస్తారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆయన చందమామ పత్రికలోనే పనిచేశారు. పోస్టులో వచ్చిన కథలో పస ఉంటే చాలు, దాన్ని తన వాక్యాల్లో తిరగరాసేవారు. ఎవరు పంపిన కథైనా ఒకే గొంతుతో హాయిగా సాగేది అందుకే. అయితే ఆ పద్ధతిలో కథ బాగుపడేది గానీ, ఏది ఎందుకు మారిందో పంపిన మనిషికి విడమరిచి చెప్పే ఏర్పాటు లేదు. ఏ ఊరి కథలోనూ ఆ ఊరి పలుకు నిలిచేదీ కాదు. పత్రికకు అది అవసరమే. సొంత పుస్తకం రాసుకునేవాళ్లకు మాత్రం అదే పద్ధతి సరిపోదు.

మా ఊళ్లో ఒక టీచరమ్మ మామిడి తోపు మీద బొమ్మల కథ రాసింది. అవ్వ వద్దంటున్నా వినకుండా ఒక పిల్ల దోటితో బాదామి మామిడికాయ కోయబోతుంది. అంతే కథ. ఆమె దాన్ని ఇద్దరికి ఫీజు కట్టి పంపింది. రెండు రిపోర్టులూ నాకు చూపించింది. మొదటి దాంట్లో కథ హృద్యంగా ఉందని, నీతి ఇంకా స్పష్టంగా ఉంటే బాగుంటుందని రాశారు. అవ్వ మాటల్లో ‘యాడికి’, ‘ఉండాది’, ‘మింద’ అన్న ప్రతిచోటా ఎర్ర సిరా. చివర అచ్చు వేసిపెట్టడానికి ఎంతవుతుందో ఒక ప్యాకేజీ వివరం.

రెండో రిపోర్టు పొడి మాటల్లో ఉంది. “నాలుగో పేజీలో దోటి బరువుగా ఉందని రాశారు. పిల్ల ఒక పక్కకు ఒరిగిపోవడం బొమ్మలో కనిపిస్తుంది కదా, ఆ వాక్యం తీసేస్తే?” “కాయ తెగే క్షణం పేజీ మధ్యలో ఉంది. ఆ పేజీ చివరికి జరపండి, తిప్పితే గానీ తర్వాత ఏమైందో తెలియకూడదు.” “అవ్వ మాటలు ముట్టుకోకండి. కథ చెప్పే గొంతు మాత్రం రెండుచోట్ల ఊరి పలుకులో, మిగతా అంతా పుస్తక భాషలో ఉంది. ఏదో ఒకటి తేల్చుకోండి.” ఆ మూడో మాటకే నేను ఫీజంతా ఇచ్చేస్తాను. యాసకూ తడబాటుకూ తేడా పట్టగలిగిన కన్ను అది. సరిహద్దులో బతికే మనకు అలాంటి కన్నే కావాలి. మన పలుకునే తప్పుగా లెక్కగట్టే మనిషికి డబ్బిచ్చి మరీ ఎందుకు దిద్దించుకోవాలి?

కాబట్టి పంపే ముందు ఆ మనిషి రాసిన, లేదా ఎడిట్ చేసిన పిల్లల పుస్తకం ఒకటి తెప్పించుకోండి. దాన్ని ఐదేళ్ల పిల్లకు పైకి చదవండి. ఆ పిల్ల మధ్యలో లేచి వెళ్లిపోతే మీరూ అక్కడితో ఆగిపోవచ్చు. సంస్థ అయితే చదివేది ఎవరో పేరు అడగండి. పేరు చెప్పని చోట రాతప్రతి ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. మీ కథ ఏ వయసు పిల్లలకో చదివేవాళ్లే ముందుగా మిమ్మల్ని అడగాలి. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ కథల వెబ్‌సైటులో చదివే స్థాయిని బట్టి మొదటి మెట్టు కథకు 250 మాటలు, రెండో మెట్టుకు 600 దాకా హద్దు. ఈ సంగతి పట్టని మనిషి మీ 900 మాటల కథను బాగుందని వెనక్కి పంపేస్తాడు. రిపోర్టు చదివాక మీ సందేహాలకు ఒక్కసారైనా జవాబిస్తారా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. తప్పులు దిద్దే చేయీ అచ్చు అమ్మే చేయీ ఒకటే అయితే నేనైతే దూరంగా ఉంటాను. ఆ రిపోర్టులో మీ కథ ఎప్పుడూ అచ్చుకు సిద్ధంగానే ఉంటుంది.

ఇంత ఖర్చు అందరికీ వీలుకాదు. మామిడి ధర పడిపోయిన ఏడాది మా తాలూకాలో ఎవరికీ వీలుకాదు. అలాంటప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ దిక్కులు చూశారో రాతప్రతి పక్కనే గీత పెట్టుకోండి. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రికలో పల్లె పిల్లల కథలెన్నో వచ్చాయి, పాత సంచికలు వెతికి చదవండి. సికింద్రాబాదు ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వారు ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి పిల్లల నవలలకు, బొమ్మల కథలకు పోటీలు పెడుతూ వచ్చారు. పోటీ ప్రకటన కనబడితే వయసు, పేజీల నిబంధనలు చదివి, గీతలు పెట్టిన చోట్లు సరిచేసి పంపండి. ఫీజు కట్టే ఆలోచన ఆ తర్వాత చేయొచ్చు.